ముక్కు చెప్పేదాకా ఆగితే ఆలస్యమే: నీళ్లు లేని యూరినల్స్ సంగతి

(ఆఫీసులు, కాలేజీలు, ఆస్పత్రుల్లో హౌస్‌కీపింగ్ చూసే సూపర్‌వైజర్ల శిక్షణ తరగతిలో ఒక ప్లంబింగ్ కాంట్రాక్టర్ ఇచ్చిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చలేదు. అక్కడక్కడా కుదించాం.)

అందరికీ నమస్కారం. భోజనాలు అవ్వగానే నా క్లాసు పెట్టిన వాళ్లకి ముందుగా ఒక దండం. (నవ్వులు) ఇలాంటి సబ్జెక్టుకి పొద్దున తొమ్మిదింటికి పిలవాలి. సరే, పెరుగన్నం అరిగేదాకా ఆగి అసలు సంగతికి వస్తాను.

మీ బిల్డింగుల్లో నీళ్లు లేని యూరినల్స్ ఉన్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. పదిహేను మంది దాకా ఉన్నారు. వాసన లేదు అనుకునేవాళ్లు ఎత్తిన చెయ్యి అలాగే ఉంచండి. ముగ్గురు... వెనక ఇంకొకరు. నలుగురు. మిగతా వాళ్లు వాటి కంపెనీని తిట్టుకుంటూ ఉంటారు. నేనూ ఒకప్పుడు తిట్టుకున్నవాణ్నే.

ఆరేడేళ్ల కింద ఒక ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "మీరు పెట్టిన యూరినల్స్ కంపు కొడుతున్నాయి, పీకేసి పాతవి పెట్టెయ్యండి" అని. వెళ్లాను. మేనేజరు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయారు. లోపల శుభ్రం చేసే అక్క ఉంది. ఏమైందమ్మా అని అడిగితే తడుముకోకుండా చెప్పింది. "మూలనున్న దాంట్లో నురగ నిలబడుతోంది సార్. నెలన్నర అయ్యింది. మిగతా వాటిలో పోసింది పోసినట్టు దిగిపోతుంది."

నెలన్నర! కంపు వచ్చింది ఆ వారమే. అంతకు నలభై రోజుల ముందే ఆమె కంటికి విషయం తెలిసిపోయింది. చెప్పలేదా అంటే, చెప్పింది. సూపర్‌వైజరు ఏమన్నాడట? "రోజూ ఇంకో మూత ఫినాయిల్ ఎక్కువ వెయ్యి" అన్నాడట. నవ్వకండి, మనలో చాలామంది ఆ మాటే అంటాం. ఆ ఫినాయిలే దాన్ని చంపింది. ఎలా చంపిందో చెప్పాలంటే ముందు ఆ గిన్నెలో ఏముంటుందో చెప్పాలి.

మామూలు యూరినల్ కింద పైపు వంపు తిరిగి ఉంటుంది కదా, ట్రాప్ అంటాం. అందులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. డ్రైనేజీ గ్యాసు పైకి రాకుండా ఆ నీళ్లే అడ్డం. ఫ్లష్ కొట్టిన ప్రతిసారీ పాత నీళ్లు పోయి కొత్తవి నిలుస్తాయి. ఫ్లషే లేకపోతే ఆ అడ్డం ఎవరు పెట్టాలి? దానికి రెండు దారులు కనిపెట్టారు.

మొదటిది నూనె దారి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైన నూనె పోసి, వత్తి వేసి దీపం పెడతారు, చూశారా? నీళ్లు కింద, నూనె పైన. ఇక్కడా అంతే. కార్ట్రిడ్జ్ అని ఒక డబ్బా ఉంటుంది. లోపల ద్రవం మీద నీలం రంగు నూనెలాంటిది ఒక పొరగా తేలుతుంది. సీలెంట్ అంటారు. మూత్రం దానికంటే బరువు కాబట్టి పొరని చీల్చుకుని కిందికి జారుతుంది. పొర మళ్లీ కలుసుకుంటుంది. కింద ఉన్నది పొంగి పైపులోకి వెళ్లిపోతుంది. ఇది ఈ మధ్య వచ్చిన ఆలోచన కూడా కాదు. వియన్నా నగరంలో వీధి మూత్రశాలలకి ఈ నూనె పద్ధతి 19వ శతాబ్దం చివర్లోనే వాడారు. తర్వాత అందరూ మర్చిపోయారు. 1991లో క్లౌస్ రైఖార్ట్ అనే ఆయన అమెరికాలో కంపెనీ పెట్టి మళ్లీ బజారులోకి తెచ్చాడు.

రెండోది వాల్వు దారి. మెత్తటి సిలికాన్ గొట్టం, చివర రెండు పెదాల్లా అతుక్కుని ఉంటుంది. పైనుంచి ద్రవం బరువు పడితే తెరుచుకుంటుంది, అది దిగిపోగానే మూసుకుంటుంది. ఐఐటీ ఢిల్లీలో పుట్టిన జీరోడోర్ కూడా నూనె, రసాయనం లేకుండా నడిచే అమరికే. ఉన్న బేసిన్‌కే బిగించుకోవచ్చు.

ఇప్పుడు ఫినాయిల్ సంగతి. గిన్నెలు తోమే సబ్బు జిడ్డుని ఏం చేస్తుంది? విరగ్గొట్టి నీళ్లలో కలిపేస్తుంది. మన సీలెంటు కూడా ఒక రకం జిడ్డే. ఫినాయిల్, డిటర్జెంటు, ఫ్లోర్ క్లీనరు ఏది పోసినా ఆ పొర తునకలై మూత్రంతో పాటు కాలవలోకి పోతుంది. అడ్డం పోయింది కాబట్టి వాసన. వాసన వస్తోందని ఇంకో మూత. ఆ ఆఫీసులో నెలన్నరపాటు జరిగిందదే. మాపు బకెట్లో మిగిలిన నీళ్లు అందులో గుమ్మరించే అలవాటు కూడా ఇలాంటిదే. ధారగా పడిన నీళ్లు నూనెని లాక్కుపోతాయి. టీ తాగి కప్పు కడిగి పారబోసేవాళ్లు, గుట్కా ఉమ్మేవాళ్లు, సిగరెట్ పీక వేసేవాళ్లు వీళ్లందరి గురించి నేను చెప్పక్కర్లేదు, మీకే ఎక్కువ తెలుసు.

మరి శుభ్రం ఎలా చెయ్యాలి? కంపెనీ చెప్పిన తేలికపాటి ద్రవాన్ని స్ప్రే బాటిల్‌తో గిన్నె గోడల మీద కొట్టి, గుడ్డతో తుడవాలి. అంచు కింద కూడా తుడవాలి. రోజుకి ఎన్నిసార్లన్నది జనాన్ని బట్టి. కంటికి తడి కనపడే చోటల్లా వాసన పుడుతుంది, అదొక్కటి గుర్తుంటే చాలు.

సరే, ఎప్పుడు మార్చాలి? మీరందరూ వచ్చింది దీనికోసమే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

నేను వెళ్లిన చోటల్లా ఒకటే జవాబు వింటాను: "మూడు నెలలకోసారి మారుస్తాం సార్." ఎందుకు మూడు? ఎవరో చెప్పారు. కారు సర్వీసింగు నెలల్ని బట్టి చేయిస్తామా, తిరిగిన కిలోమీటర్లని బట్టా? ఇది కూడా అంతే, లెక్క వాడకాల మీద ఉండాలి. బాగా అమ్ముడయ్యే ఒక రకం కార్ట్రిడ్జ్‌కి 7,000 వాడకాలు అని కంపెనీ చెబుతుంది. ఇంకో రకంలో కార్ట్రిడ్జ్ ఎక్కువ కాలం ఉంటుంది గానీ సీలెంటు సుమారు 90 మిల్లీలీటర్లు పోస్తే 1,500 వాడకాలకి సరిపోతుంది అంటారు. మీ దగ్గరున్న మోడల్‌కి ఎంతో దాని కాగితంలో ఉంటుంది, చూసుకోండి.

లెక్క వేద్దాం. మీ ఆఫీసులో 150 మంది మగవాళ్లు. రోజుకి మూడుసార్లు. మొత్తం 450. యూరినల్స్ ఐదు. ఒక్కోదానికి 90. 7,000ని 90తో భాగిస్తే 77, 78 పని దినాలు. అంటే శని, ఆదివారాలు కలుపుకుని మూడున్నర నెలలు. మూడు నెలల లెక్క బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఐదూ సమానంగా వాడతారా? మగవాళ్లు లోపలికి రాగానే ముందు చూసుకునేది గోడ పక్క మూల. (నవ్వులు) అది దొరక్కపోతేనే మధ్యది. మూలదానికి రోజుకి 150 పడ్డాయనుకోండి, అది 46 పని దినాలకే, అంటే శని, ఆదివారాలు కలుపుకున్నా 65 రోజులకే అయిపోతుంది. మీరు 90వ రోజున వస్తారు. మూడు వారాలకు పైగా అది చచ్చి ఉంది. సీలెంటు మళ్లీ మళ్లీ పోసే ఆ రెండో రకమైతే ఇంకా దారుణం, 1,500 వాడకాలంటే ఆ మూలదానికి పదే రోజులు.

అందుకని నేను చేయించే పని ఒకటుంది. ప్రతి యూరినల్ పైన గోడకి చిన్న స్టిక్కరు. నంబరు, మార్చిన తేదీ. అంతే. ఒక్కోదానికి ఒక్కో తేదీ. ఐదూ ఒకేరోజు మార్చడం చూడ్డానికి నీటుగా ఉంటుంది గానీ, రెండిటికి ఆలస్యం, మూడిటికి దండగ.

లెక్క ఒకటి. రెండోది చూపు. ఒక లీటరు నీళ్లు జగ్గుతో నెమ్మదిగా పోయండి. రోజూ వద్దు, వారానికోసారి చాలు. టక్కున దిగితే సరే. చిన్న మడుగులా నిలబడి, సుడి లేకుండా మెల్లిగా ఇంకుతూ ఉంటే లోపల గడ్డ కడుతోందని అర్థం. నురగ నిలబడ్డం, గిన్నె అడుగున పసుపు చార కనపడ్డం, ఇవన్నీ ఆ జాతివే. ఆ అక్క చూసింది ఇదే. రోజూ రెండుసార్లు తుడిచే మనిషికి తెలిసినంత, నెలకోసారి చెక్‌లిస్టు పట్టుకొచ్చే నాలాంటివాడికి తెలియదు. మీరు ఒక నోటుబుక్కు పెట్టి, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయండి. "మూలదాంట్లో నురగ." దానికంటే మంచి రిపోర్టు ఏ ఇంజినీరూ రాయలేడు.

మూడోది ముక్కు. ముక్కుని చివర పెట్టాను, ఎందుకంటే అది చెప్పేసరికి ఆలస్యం అయిపోతుంది. అయినా ముక్కుకి ఒక పని ఉంది. వాసనలు రెండు రకాలు. కళ్లు మండించే ఘాటు వాసన, కొత్తగా రంగేసిన జుట్టులాగా, అది అమ్మోనియా. కుళ్లిన కోడిగుడ్డు వాసన, అది డ్రైనేజీ గ్యాసు. అమ్మోనియా ఒక్కటే వస్తోందంటే ముందు కార్ట్రిడ్జ్ మీద పడకండి. నేల చూడండి, టైల్సు సందులు చూడండి, అంచు కింద చూడండి, రెండు యూరినల్స్ మధ్య గోడ చూడండి. చాలాసార్లు తప్పు తుడుపుది. కోడిగుడ్డు వాసన వస్తే మాత్రం అడ్డం తెగింది. సీలెంటు పోయి ఉండాలి, వాల్వు మూసుకోకపోతూ ఉండాలి, లేదా డబ్బా చుట్టూ ఉండే రబ్బరు చుట్ట, ఓ-రింగు అంటాం, పాడై ఉండాలి. ఫ్యాను ఆపేసి, అగరుబత్తి వెలిగించి ఆ రంధ్రం దగ్గర పట్టుకోండి. పొగ నిటారుగా లేస్తే మంచిది. రంధ్రం వైపు నుంచి ఎవరో ఊదినట్టు పక్కకి పోతే గాలి పైకి వస్తోంది.

ఆ ఓ-రింగు గురించి ఒక్క మాట. కొత్త కార్ట్రిడ్జ్ పెట్టినా కంపు పోలేదు, డబ్బులు దండగ అని గొడవపడ్డవాళ్లు నాకు చాలామంది తెలుసు. విప్పి చూస్తే రింగు మెలి తిరిగి ఉంటుంది, లేకపోతే కింద హౌసింగులో, అంటే డబ్బా కూర్చునే గూడులో, గార పట్టి రింగు సరిగ్గా కూర్చోదు. పాతది తీశాక ఆ హౌసింగ్ గోడ గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడాలి. గరుకు తగిలితే కొత్తది పెట్టకండి, ముందు అది గోకి తీయండి. రింగు జారడానికి వంటనూనె రాసేవాళ్లున్నారు. కొన్ని రకాల రబ్బరు నూనె తగిలితే ఉబ్బుతుంది. సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబులో దొరుకుతుంది, అది వాడండి.

గార అన్నాను కదా. పళ్లకి పట్టే గార లాంటిదే. మూత్రంలో యూరియా ఉంటుంది. బయటికి వచ్చినప్పుడు దానికి పెద్ద వాసనేమీ ఉండదు. పైపులో ఉండే బ్యాక్టీరియా యూరియాని విరిచి అమ్మోనియా చేస్తుంది. దాంతో ద్రవం క్షారంగా మారుతుంది. మారగానే అప్పటిదాకా కరిగి ఉన్న మెగ్నీషియం, కాల్షియం, ఫాస్ఫేటు గట్టిపడి రాయిలా గోడకి అంటుకుంటాయి. అందులో ఒకదాని పేరు స్ట్రూవైటు. ఇక్కడో తమాషా ఉంది. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువే, గీజరు రాడ్డు మీద తెల్లగా పేరుకునేది అదే. ఆ నీళ్లు రోజూ కాసిని కాసిని పోశారనుకోండి, రాయి కట్టడానికి ఇంకాస్త సరుకు ఇచ్చినట్టు. పోస్తే కార్ట్రిడ్జ్ తీసినప్పుడు ఒకటి రెండు బకెట్లు ధాటిగా పైపులోకి పొయ్యాలి, అడుగున మెత్తగా పేరుకున్నది కొట్టుకుపోతుంది. రోజూ చెంబెడు పోయడం మాత్రం వద్దు.

వాల్వు రకం వాడేవాళ్లకి: సిలికాన్ పెదాల మధ్య ఒక వెంట్రుక ఇరుక్కున్నా, ఒక చిన్న గార పలుకు ఉన్నా అది మూసుకోదు. విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో కడిగితే చాలాసార్లు మళ్లీ పనికొస్తుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. పెదాల మధ్య సన్నటి వెలుగు గీత కనపడితే, లేదా వేళ్లతో నొక్కితే బిగుసుకుపోయి మెత్తదనం పోయి ఉంటే, ఇక కడగొద్దు, మార్చెయ్యండి. స్కూళ్లు, కాలేజీల వాళ్లు ఎండాకాలం సెలవుల తర్వాత తలుపులు తీసే ముందు ఈ పని తప్పకుండా చేయించాలి. సెలవుల్లో అంతా ఎండిపోయి ఆ పెదాలు అతుక్కుపోయి ఉంటాయి. మొదటి రోజు పిల్లలు వచ్చి వాడితే దిగదు, పొంగుతుంది.

ఇంత తద్దినం ఎందుకు, ఫ్లష్ పెట్టుకుంటే పోలేదా అనే వాళ్లకి ఒక లెక్క చెప్పి ప్రశ్నలకి వస్తాను. పాత ఫ్లష్ ఒకసారికి 3 లీటర్లు అనుకోండి. ఇందాకటి ఆఫీసులో రోజుకి 450 సార్లు, అంటే 1,350 లీటర్లు. ఏడాదికి 250 పని దినాలు. 3,37,500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 67 పైచిలుకు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు కోసం ఫోన్లు చేసిన వాళ్లకి దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

అడగండి.

(ఒక సూపర్‌వైజరు: "యాసిడ్ కొడితే గిన్నె తెల్లగా మెరుస్తుంది సార్. ఎందుకు వద్దంటారు?")

పింగాణీ మెరుస్తుంది, నిజమే. యాసిడ్ కింద సిలికాన్‌ని, లోహం ఉంటే లోహాన్ని తింటుంది. దానికంటే భయం ఇంకొకటి. కొందరు బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. అక్కడ అమ్మోనియా ఉంది. రెండూ కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది, కళ్లు, గొంతు మంటెత్తుతాయి. బ్లీచింగు, యాసిడ్ కలిస్తే క్లోరిన్. ఇరుకు బాత్రూములో కిటికీ కూడా ఉండదు. తుడిచే మనిషి లోపల ఉంటుంది, మెరుపు చూసేవాళ్లు బయట ఉంటారు.

(మరొకరు: "కంపెనీ కార్ట్రిడ్జ్ ఖరీదు ఎక్కువ. బయట తక్కువకి దొరికేవి వాడొచ్చా?")

వాడి చూడండి, కానీ ఐదూ ఒకేసారి వద్దు. ఒక్కటి, అదీ మూలదానికి పెట్టండి. బలహీనత త్వరగా బయటపడుతుంది. సైజు అర మిల్లీమీటరు తేడా ఉన్నా రింగు పట్టదు. ఇంకోటి, తాళంచెవి. కార్ట్రిడ్జ్ తిప్పే తాళం ఒక్కటే ఉంటుంది, అది ఎవరి బీరువాలోనో ఉంటుంది, ఆయన సెలవులో ఉంటాడు. (నవ్వులు) రెండు తాళాలు, మూలదానికి ఒక కార్ట్రిడ్జ్, నాలుగు ఓ-రింగులు, ఒక సీలెంట్ బాటిలు స్టోర్‌లో ఎప్పుడూ ఉండాలి. తెప్పించడానికి పది రోజులు పడితే ఆ పది రోజులూ కంపే.

(వెనక వరుస నుంచి ఒకామె: "పాత డబ్బా తీస్తే చేతుల మీద పడుతుంది సార్. గ్లౌజులు అడిగితే నెలకి ఒక జత ఇస్తారు.")

మంచి మాట అడిగారమ్మా. ఇక్కడున్న సూపర్‌వైజర్లు రాసుకోండి. డబ్బా మార్చిన ప్రతిసారీ కొత్త గ్లౌజులు, మోచేతి దాకా ఉండేవి, కళ్లకి అద్దాలు. పాత డబ్బాలో అర లీటరు దాకా మురుగు ఉండొచ్చు. నిటారుగా పైకి లాగి, ముందే విప్పి పెట్టిన కవర్లోకి దించి, మూతి కట్టాలి. వంచకూడదు. ఒక్కరే చెయ్యలేరు, కవరు పట్టుకునే మనిషి ఇంకొకరు కావాలి. ఆ మనిషి సూపర్‌వైజరే అయితే ఇంకా మంచిది, గ్లౌజులు వెంటనే శాంక్షన్ అవుతాయి. (చప్పట్లు)

(ఇంకొకరు: "అన్నీ మార్చాం. అయినా నెలకోసారి ఇదే గోల. ఇక తీసెయ్యాల్సిందేనా?")

తీసెయ్యాల్సిన సందర్భాలు ఉన్నాయి, లేవని నేననను. పార్టులు మార్చినా కంపు పదే పదే వస్తోందంటే లోపం గోడ వెనక ఉంది. పైపు రాగిదో, ఇనుపదో అయితే నీళ్లు కలవని మూత్రం దాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ పైపే ఉండాలి. వాలు మీటరుకి రెండు సెంటీమీటర్లు ఉండాలి. అంతకన్నా తక్కువైతే నిలవ ఉంటుంది, నిలవ ఉంటే గార. పాత బిల్డింగులో ఫ్లష్ కోసం వేసిన లైనుకే వీటిని తగిలిస్తే ఈ గోల తప్పదు. అమెరికాలో శాక్రమెంటోలో కాలిఫోర్నియా పర్యావరణ సంస్థ వాళ్ల ప్రధాన కార్యాలయంలోనే 2003లో పెట్టి, వందల ఫిర్యాదులు వచ్చాక 2010లో తీసేశారు. బిల్డింగ్ పైపులకీ వీటికీ పొసగలేదని తేల్చారు. పర్యావరణం వాళ్లకే తప్పలేదు. ఫిలడెల్ఫియాలో కామ్‌కాస్ట్ సెంటర్ అని పెద్ద టవరు కట్టినప్పుడు 116 పెడతామంటే ప్లంబర్ల యూనియన్ ఒప్పుకోలేదు. చివరికి, యూరినల్స్ నీళ్లు లేనివే గానీ గోడ వెనక నీళ్ల పైపులు మాత్రం వేసి ఉంచాలి అని రాజీ పడ్డారు. అప్పుడు అందరూ నవ్వారు. నేనైతే కొత్త బిల్డింగ్ కట్టేవాళ్లకి అదే చెబుతాను, గోడలో ఒక లైను వేసి మూత బిగించి ఉంచండి అని. ఇక మీ సంగతి. తీసే ముందు ఒక్క పని చెయ్యండి. కార్ట్రిడ్జ్ తీసేసి, టార్చిలైటు వేసి పైపు లోపల చూడండి. రూపాయి బిళ్ల పట్టే సందు కూడా లేకుండా గార మూసుకుని ఉంటే పైపు శుభ్రం చేయించండి. ఖాళీగా ఉండి కూడా నీళ్లు నిలబడుతుంటే వాలు తప్పు, అది నా వల్ల కాదు, మీ వల్ల కాదు, గోడ పగలగొట్టాల్సిందే.

చాలు, మాటలు ఎక్కువయ్యాయి. ఆ మూల టేబుల్ మీద వాడేసిన డబ్బాలు రెండు తెచ్చాను. ఒకటి 40 రోజులది, ఒకటి నాలుగు నెలలది. కిటికీలు తియ్యండి. కోసి లోపల ఏముందో చూపిస్తాను. ఇందాక గ్లౌజులడిగిన అమ్మా, మీరు ముందుకి రండి. ఇదిగో, కొత్త జత.